తల్లి ఇచ్చిన ఆర్నెల్లు

నరేష్‌కు నాలుగో ఏడు నిండేసరికే మూడుమార్లు నిమ్ము చేసింది. చెవులు ఏనాడూ పొడిగా ఉన్నదే లేదు. ఒక చెవిలో చీము తగ్గిందనుకుంటే రెండోది మొదలయ్యేది. వాడి తల్లి నాగరాణి కాపురం మిర్యాలగూడలో. తండ్రి సాయిబాబుకు వాడపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని. పిల్లవాడు దగ్గినప్పుడల్లా వాడకట్టువాళ్లు రైసుమిల్లుల ఊక పడలేదనేవారు, ఫ్యాక్టరీ దుమ్ము తండ్రి బట్టలకు అంటుకొని ఇంటికొస్తోందనేవారు. దుమ్ము లేనిచోట నాలుగు నెలలు ఉంచుదామని ఆత్మకూరులో అమ్మమ్మ ఇంటికి పంపిస్తే, అక్కడివాళ్లు గొర్రెబొచ్చు పడలేదన్నారు.

అమ్మమ్మ ఉప్పలమ్మకు ఆ మాట రుచించలేదు. "గొర్రెల నడుమ పుట్టి గొర్రెల నడుమ పెరిగినోళ్లం. బొచ్చు పడకపోతే మేమెట్ల బతికినం?" అంది. అన్నదే గాని, మర్నాడే మందను ఇంటెనక దొడ్డిలోంచి ఊరిబయట చెలకలోకి తోలించింది. దొడ్డంతా ఊడ్చి, పెంటికలు ఎత్తిపోసి, సున్నం చల్లింది. భర్త భిక్షపతి గొంగడిని గడప దాటి లోపలికి రానివ్వలేదు. ఇంత చేసినా వానలు పడ్డ వారానికి పిల్లవాడి ఒళ్లు మళ్లీ పెనంలా కాలింది. డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తున్నాడు. అది రెండువేల మూడో సంవత్సరం.

ఆత్మకూరు నుంచి సూర్యాపేట, సూర్యాపేట నుంచి మిర్యాలగూడ, బస్సు మారి ఉప్పలమ్మ మనుమణ్ని కూతురి దగ్గరికి చేర్చింది. తల్లీకూతుళ్లిద్దరూ కలిసి వాణ్ని ఊళ్లోకి కొత్తగా వచ్చిన పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఆయన పేరు లాజరు. ఆరు మంచాల చిన్న దవాఖాన. మందు రాసిచ్చి పంపించే తొందర ఆయనలో కనబడలేదు. ఛాతీ విన్నాడు, చెవులు చూశాడు, వాడి నోరు తెరిపించి టార్చిలైటు వేసి గొంతులోకి చూశాడు. మళ్లీ చూశాడు. మూడోసారి కూడా చూశాక ఉప్పలమ్మకు భయం వేసింది.

"గొంతుల ఏమున్నది సార్?"

"ఏమున్నదని కాదమ్మా, ఏం లేదని చూస్తున్న" అన్నాడు డాక్టరు. "ఇన్నిసార్లు జ్వరాలొచ్చిన పిల్లలకు గొంతుల రెండు దిక్కుల గడ్డలు ఇంతింత ఉబ్బి ఉంటయి. వీనికి అసలు గడ్డలే లేవు." వాడి మెడ కింద, చంకల్లో వేళ్లు పెట్టి తడిమాడు. అక్కడా ఏమీ తగల్లేదు. కుర్చీలో వెనక్కి వాలి నాగరాణిని అడిగాడు. "నీకు అన్నదమ్ములున్నరా అమ్మా?"

"లేరు సార్. ఒక్క చెల్లె."

"పుట్టి పోయినోళ్లు?"

నాగరాణి తల్లివైపు చూసింది.

"ఇద్దరు సార్" అంది ఉప్పలమ్మ. "పెద్దోడు పది నెలలకు, చిన్నోడు ఏడాదిన్నరకు. ఇద్దరూ గిట్లనే. దగ్గు, జరం, డొక్కలెగరేసుడు."

"పేర్లు?"

ఉప్పలమ్మను ఇరవై ఏళ్లలో ఆ పేర్లు ఎవరూ అడగలేదు. "మల్లేశం. కొమురెల్లి" అంది. డాక్టరు రెండు పేర్లూ కాగితం మీద రాసుకున్నాడు. నరేష్‌ను మంచం మీద చేర్చుకున్నాడు. వాడి రక్తం ఒక సీసాలో పట్టి హైదరాబాదుకు పంపించాడు.

పెద్దకొడుకు పోయినప్పుడు ఉప్పలమ్మకు ఇరవై ఏళ్లు లేవు. దిష్టి అన్నారు, అమ్మవారి కోపమన్నారు, వేపాకు కట్టారు, యాటను కోశారు. రెండోవాడు కూడా అదే దారి పట్టేసరికి అత్తగారు ఇక వేరే కారణం వెతుక్కోలేదు. "దీని పాలే మంచియి కావు. తాగిన మొగపిల్లలు బతుకుతలేరు" అని తేల్చేసింది. నాగరాణి, గోపిక అవే పాలు తాగి రాయిలా పెరిగారని ఎవరూ అనలేదు. ఉప్పలమ్మ కూడా అనలేదు. కొమురెల్లికి చివరి నాలుగు నెలలు అత్తగారు మేకపాలే పోయించింది. రొమ్ములు గడ్డకట్టి, నొప్పికి ఓర్చుకోలేక ఉప్పలమ్మ దొడ్లోకి పోయి పాలు నేల మీద పిండేసుకున్న రోజులున్నాయి. ఆ సంగతి భర్తకు కూడా తెలియదు.

పది రోజులకు నరేష్ తేరుకున్నాడు. హైదరాబాదు కాగితం కూడా వచ్చింది. డాక్టరు వాళ్లిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకొని చెప్పాడు.

"మన ఒంట్లకు రోజూ ఏవో పురుగులు పోతుంటయి. కంటికి కనబడనివి. వాటిని పట్టి చంపే సరుకు మన నెత్తుర్లనే తయారైతది. నీకున్నది, నాకున్నది. వీనికి అది తయారు కాదు. పుట్టుకతోనే ఆ తయారీ లేదు."

ఉప్పలమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. "పుట్టినప్పుడు మంచిగనే ఉండె గద సార్. ఆర్నెల్ల దాంక ఒక్క తుమ్ము తుమ్మలె. మా ఇద్దరు కూడ గట్లనే ఉండిరి."

"ఆ ఆర్నెల్లు తల్లి ఇచ్చినయి."

"ముర్రుపాలల్లనా?"

డాక్టరు ముందుకు వంగాడు. "ముర్రుపాల సంగతి నీకెట్ల తెలుసు?"

"గొర్రెలోళ్లం గద సార్. పుట్టిన పిల్ల మొదటి పూట ముర్రుపాలు తాగకపోతే బతకదు. ఎనక ఎన్ని పాలు పోసినా లాభం లేదు. వారం పది దినాలకు పారుడు పెట్టుకొని సస్తది. ఈనిన తల్లి సచ్చిపోతే, ఆ పూటే ఈనిన ఇంకో గొర్రె దగ్గర ముర్రుపాలు పిండి తాపిస్తం. అప్పుడు నిలబడతది."

డాక్టరు కలం కింద పెట్టేశాడు. "నేను అరగంట చెప్పాల్సింది నువ్వే చెప్పినవమ్మా. ఆ ముర్రుపాలల్ల ఉండేది ఈ సరుకే. కాకపోతే గొర్రె పుట్టినంక పాలల్ల ఇస్తది. మనుషులల్ల తల్లి ముందే ఇస్తది. బిడ్డ కడుపులున్నప్పుడే బొడ్డుపేగు నుంచి బిడ్డ నెత్తుర్లకు పోతది. ఆర్నెల్లకు అది ఖతమైతది. ఆలోపు బిడ్డ సొంతంగ తయారు చేసుకోవాలె. వీడు చేసుకోలేడు."

"అయితే పాలది తప్పు లేదు."

"పాలది ఏం తప్పు?"

"మా ఇద్దరిది కూడ పాల తప్పు కాదు."

ఆమె ఏమడుగుతోందో డాక్టరుకు అప్పుడు అర్థమైంది. "కాదమ్మా" అన్నాడు. "నీ పాలు తాగబట్టే అన్ని నెలలన్నా ఉన్నరేమో."

ఆ తరువాత ఆయన కాగితం మీద ఆడవాళ్లకు సున్నాలు, మగవాళ్లకు డబ్బాలు గీసి చూపించాడు. తయారీకి ఒక రాత ఉంటుందట. ఆడమనిషికి ఆ రాత రెండు ప్రతులుంటాయి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది, అందుకే ఆడవాళ్లకు జబ్బు రాదు. మగవాడికి ఒకటే ప్రతి. తల్లి దగ్గర్నుంచి చెడిన ప్రతి వస్తే వాడికి దిక్కు లేదు. కాన్పు కాన్పుకూ బిడ్డకు మంచి ప్రతి రావడానికి సగం అవకాశం, చెడిన ప్రతి రావడానికి సగం. ఉప్పలమ్మ సున్నా కింద రెండు డబ్బాలు నల్లగా నింపి ఉన్నాయి. నాగరాణి సున్నా కింద ఒకటి.

"అంటే నా నుంచే వచ్చింది" అంది ఉప్పలమ్మ.

"నీ నుంచే. నీకు మీ అమ్మ నుంచి వచ్చి ఉంటది. కండ్ల రంగు వచ్చినట్టే. ఎవరూ చేసింది కాదు."

మందు సంగతి కూడా ఆయనే చెప్పాడు. వేలమంది ఇచ్చిన రక్తం నుంచి ఆ సరుకును వేరుచేసి సీసాల్లో పోస్తారు. అది నెలకోసారి నరం ద్వారా ఎక్కించాలి. బతికినన్నాళ్లూ ఎక్కించాలి. ఆ మాటకు నాగరాణి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఉప్పలమ్మకు మాత్రం అందులో ఏడవాల్సింది కనబడలేదు. తల్లి లేని పిల్లకు వేరే గొర్రె ముర్రుపాలు తాపించడం ఆమె జన్మంతా చేసిన పని.

"అది ఎక్కిస్తే వాడు మందెమ్మటి తిరుగొచ్చునా సార్?"

"తిరుగొచ్చు. బడికి పోవచ్చు, వానల ఆడొచ్చు. ఒక్క పోలియో చుక్కలు మాత్రం ఇగ వెయ్యొద్దు. అవి బతికున్న పురుగును నీరసం చేసి తయారు చేసినవి. మిగతా పిల్లలందరికీ అవి కావాలె, తప్పకుండ వేయించాలె. ఈ తయారీ లేనోళ్లకు మాత్రం అపాయం. వీనికి ఇప్పటిదాక వేసినా ఏం కాలేదు, మన అదృష్టం."

బయట బెంచీ మీద కూర్చున్నాక ఉప్పలమ్మ కూతురితో ఒక్కటే మాట అంది. "పాలది కాదంట బిడ్డా." నాగరాణికి ఆ పాత సంగతి ఎవరూ చెప్పలేదు. అయినా తల్లి చెయ్యి పట్టుకొని ఊ కొట్టింది. ఆత్మకూరు తిరిగొచ్చిన రోజే ఉప్పలమ్మ మందను మళ్లీ ఇంటెనక దొడ్లోకి తోలుకురమ్మని భర్తకు చెప్పింది.

మొదట్లో మందు ఎక్కించుకోవడానికి హైదరాబాదు పోవాల్సి వచ్చేది. సాయిబాబు ఫ్యాక్టరీ కార్డు మీద మందు దొరికేటట్టు కావడానికి ఏడు నెలలు పట్టింది. ఎన్ని కిటికీల ముందు నిలబడ్డాడో అతనికే తెలుసు. ఆ తరువాత సీసాలు హైదరాబాదులో తీసుకొని మిర్యాలగూడ తెచ్చుకోవడం, లాజరు దవాఖానలో ఎక్కించుకోవడం అలవాటైంది. సీసాలు చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు. సాయిబాబు ఐస్‌క్రీము డబ్బాలాంటి తెల్ల డబ్బాలో ఐసు పెట్టి, ఐసుకు సీసా తగలకుండా నడుమ తువ్వాల చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకొని వచ్చేవాడు. రెండోసారి ఎక్కించినప్పుడు చుక్క తొందరగా వదిలారు. పిల్లవాడు వణికిపోయాడు, తలనొప్పి అని ఏడ్చాడు. అప్పటినుంచి నాగరాణి మంచం పక్కన కూర్చొని చుక్కలు లెక్కపెట్టేది. సిస్టరు వచ్చి కొంచెం పెంచుదామంటే, "వద్దక్కా, మాకు తొందరేం లేదు, సాయంత్రం దాంక ఉంటం" అనేది.

ఉప్పలమ్మ కాచి చల్లార్చిన నీళ్లు తప్ప మనుమడి నోట్లో పోయనిచ్చేది కాదు. జ్వరం వస్తే రెండు రోజులు చూద్దామనే మాట ఆ ఇంట్లో పోయింది. ఒళ్లు వెచ్చబడ్డ పూటే డాక్టరుకు ఫోను, డాక్టరు చెప్పిన మందు. వేసవి సెలవుల్లో నరేష్ ఆత్మకూరు వచ్చి తాత వెంట మందలో తిరిగేవాడు. అప్పటికే చీము పట్టీపట్టీ ఎడమచెవి కొంచెం మందమైపోయింది, ఆ వినికిడి మాత్రం తిరిగి రాలేదు. వాణ్ని పిలవాలంటే కుడివైపు నిలబడి పిలవాలి. మూడో తరగతిలో పరుగుపందెంలో రెండోవాడిగా వచ్చి స్టీలు గిన్నె తెచ్చాడు. ఆ గిన్నెలోనే భిక్షపతి చాలాకాలం జొన్నగటక తాగాడు.

ఇదంతా ఇలా నడుస్తుండగా చిన్నకూతురు గోపికకు కోదాడ సంబంధం వచ్చింది. పిల్లవాడి పేరు రాజు, అతనిది కూడా సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగమే. మంచి మనుషులు. ఉప్పలమ్మ భర్తతో, "నరేష్ సంగతి వాళ్లకు చెప్దాం" అంది.

"పిల్లకు ఏ రోగం లేదు. లేని రోగం గురించి ఏమని చెప్తవ్?" అన్నాడు భిక్షపతి.

"రేపు మొగపిల్లగాడు పుడితే?"

"పుట్టినప్పుడు సూద్దాం. ఆడపిల్ల పుట్టొచ్చు. గోపికకు ఆ చెడ్డ రాత రాకపోయి ఉండొచ్చు."

ఉప్పలమ్మ మారుమాట్లాడలేదు. పెళ్లి రెండువేల ఏడులో అయింది. నాగరాణి పిల్లవాడికి నెలనెలా ఏదో మందు ఎక్కిస్తారని కోదాడవాళ్లు విన్నారు. అడిగితే "ఒంట్లో బలం లేదు" అన్న మాటతో సరిపెట్టారు. పెళ్లి పందిట్లో వియ్యంపురాలు కోటమ్మ తనను వాటేసుకున్నప్పుడు ఉప్పలమ్మకు ఒళ్లంతా ముళ్లు గుచ్చుకున్నట్టయింది.

మరుసటేడు చివర్లో గోపికకు ఏడో నెల వచ్చింది. కాన్పుకు తీసుకురావడానికి ఉప్పలమ్మ కోదాడ పోయింది. ఈసారి భర్తను అడగలేదు. కోటమ్మ వరండాలో బియ్యం చెరుగుతోంది. ఉప్పలమ్మ ఎదురుగా కింద కూర్చొని ఉన్నదున్నట్టు చెప్పింది. తన ఇద్దరు కొడుకులు, నరేష్, డాక్టరు గీసిన సున్నాలు, డబ్బాలు అన్నీ చెప్పింది. చేట ఎప్పుడు ఆగిపోయిందో ఆమె గమనించలేదు.

"పెళ్లికి ముందే తెలుసా నీకు?" అంది కోటమ్మ.

"తెలుసు వదినె."

"అన్నయ్యకి?"

"తెలుసు. కాని నోరు మూసుకున్నది నేను. ఆయన మీద పెట్టను."

"చెప్తే చేసుకోమనుకున్నావు."

"అనుకున్న."

కోటమ్మ చేట పక్కన పెట్టింది. "చేసుకునేవాళ్లమో కాదో ఇప్పుడు నేను చెప్పలేను వదినా. ఆలోచించుకునే వీలే లేకుండా చేశావు. కోపం దానికి. పిల్ల మంచిది, నాకు పిల్ల మీద ఏమీ లేదు." లేచి లోపలికి పోయి కోడలి చీరలు తానే మడిచి సంచిలో పెట్టింది. మందులు ఏ పూట ఏవి వేసుకోవాలో గోపికకు చెప్పింది. బస్సెక్కేదాకా వచ్చింది. ఉప్పలమ్మతో మాత్రం మాట్లాడలేదు. ఆ తరువాత రెండు నెలలూ ఫోను చేసినప్పుడు గోపికకు ఇమ్మనేది, అంతే.

ఉప్పలమ్మ ఈలోపు లాజరు దగ్గరికి పోయి వచ్చింది. పుట్టగానే తల్లి ఇచ్చిన సరుకు బిడ్డ రక్తంలో ఉంటుంది కాబట్టి దాన్ని కొలిస్తే ఏమీ తెలియదని ఆయన చెప్పాడు. దాన్ని తయారు చేసే కణాలు ఉన్నాయా లేవా అనేది చూసే పరీక్ష వేరే ఉంది. రక్తం హైదరాబాదు పంపాలి. మగపిల్లవాడు పుడితే ఆ ఫలితం వచ్చేదాకా పోలియో చుక్కలు ఆపమని ఒక ఉత్తరం రాసిచ్చాడు. ఉప్పలమ్మ దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి రొండిన దోపుకుంది.

రెండువేల తొమ్మిది మార్చిలో సూర్యాపేటలో ఒక నర్సింగ్ హోంలో గోపికకు మగపిల్లవాడు పుట్టాడు. మూడున్నర కిలోలు. కోటమ్మ కోదాడ నుంచి పొద్దున బస్సుకే వచ్చి, మనుమణ్ని చూసి, కోడలి మంచం పక్కన కూర్చుంది. ఉప్పలమ్మ ఉయ్యాల పక్కన కూర్చుంది. నడుమ మంచం ఉంది, మాటల్లేవు. మధ్యాహ్నం సిస్టరు చిన్న సీసా పట్టుకొని వచ్చింది.

"పిల్లగాని నోరు తెరవండి. పోలియో చుక్కలు."

"వీనికి ఇప్పుడే వద్దు సిస్టరమ్మా" అని ఉప్పలమ్మ ఉయ్యాలకు అడ్డంగా నిలబడింది.

సిస్టరు ముఖం ముడుచుకుంది. పాపం, ఆమెకు ఇలాంటివాళ్లతో రోజూ పోరాటమే. "ఎన్నిసార్లు చెప్పాలమ్మా మీకు? చుక్కలు వద్దన్నోళ్ల పిల్లలే కాళ్లు పోగొట్టుకునేది. రేపు నువ్వొచ్చి నడిపిస్తవా?"

"చుక్కలు మంచియే. మా ఊళ్ల పోలియో ఆదివారం ఇంటింటికి తిరిగి పిల్లల్ని నేనే తోలుకపోత. ఈ పిల్లగానికి నెత్తురు పరీక్ష కావాలె. మా ఇంట్ల మొగపిల్లలకు ఒక జబ్బున్నది. అదుంటే చుక్కలు వెయ్యొద్దు." రొండిలోంచి ఉత్తరం తీసి ఇచ్చింది.

సిస్టరు పైపైన చూసింది. "ఇది మిర్యాలగూడ డాక్టరు రాసింది. ఇక్కడ మా రూలు మాకుంటది. పక్కకు జరుగమ్మా."

అప్పుడు కోటమ్మ లేచింది. మంచం చుట్టూ తిరిగి వచ్చి, ఉయ్యాలలోంచి పిల్లవాణ్ని తీసుకొని, గుండెలకు అదుముకొని కుర్చీలో కూర్చుంది. "నేను పిల్లాడి నానమ్మని" అంది నెమ్మదిగా. "వాళ్ల అమ్మమ్మ ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి ఇది. నువ్వు పోయి మీ డాక్టరమ్మకి ఆ కాగితం చూపించు. ఆమె వచ్చి చెప్పిందాకా చుక్క పడేది లేదు."

డాక్టరమ్మ వచ్చింది. ఉత్తరం నిలబడే చదివింది. మళ్లీ మొదటినుంచి చదివింది. "సరిగ్గా రాశారు. చుక్కలు ఆపండి" అని సిస్టరుకు చెప్పి, పరీక్షకు రక్తం తీయించే ఏర్పాటు చేసింది. సాయంత్రం సిస్టరు మళ్లీ వచ్చింది. ఈసారి చేతిలో సీసా లేదు. స్టూలు లాక్కొని కూర్చొని, "అమ్మా, జర మళ్లీ చెప్పు, ఆ జబ్బేంది?" అని అడిగింది. ఉప్పలమ్మ ముర్రుపాల దగ్గర మొదలుపెట్టింది. కోటమ్మకు ఇంట్లో రెండు బర్రెలుండేవి. ఆమె కూడా వింటూ, "దూడకి కూడా అంతే. జున్నుపాలు తాగనిది నిలవదు" అని కలిపింది. రెండు నెలల తరువాత వియ్యంపురాలి నోటి నుంచి తనవైపు వచ్చిన మొదటి మాట అదే.

తొమ్మిదో రోజు ఫోను వచ్చింది. ఆ కణాలు లేవట. అన్న నరేష్‌కు ఉన్నదే తమ్ముడికీ ఉంది. గోపిక గోడవైపు తిరిగి పడుకుంది. ఉప్పలమ్మకు నల్లగా నింపిన డబ్బా ఇంకొకటి కళ్ల ముందు కనబడింది. కోటమ్మ ఆ పూట ఆత్మకూరులోనే ఉంది. పిల్లవాడికి నూనె రాస్తున్న చెయ్యి ఆపకుండానే అడిగింది.

"నీ కడుపులో ఉన్నప్పుడు ఇచ్చింది ఎన్నాళ్లుంటది గోపికా?"

"ఆర్నెల్లంట అత్తమ్మా."

"ఐదో నెలకే మొదలుపెడదాం మనం. అది ఒట్టిపోయిందాకా ఎందుకాగాలి?" అని ఉప్పలమ్మవైపు తిరిగింది. "ఏం వదినా, నరేష్‌కి మందు ఎక్కడ తెస్తున్నారో మా రాజుకి చూపించమను అల్లుణ్ని."

ఆ పిల్లవాడికి లోహిత్ అని పేరు పెట్టారు. వాడికి ఐదో నెల నిండకముందే మొదటి సీసా ఎక్కింది. కార్డు ఎలా నడిపించుకోవాలో, ఏ కిటికీ దగ్గర ఎవరిని అడగాలో సాయిబాబుకు అన్నీ తెలుసు కాబట్టి రాజు పని నెలలో అయిపోయింది. లాజరు రాసిన ఉత్తరాన్ని కోటమ్మ లామినేషన్ చేయించి తలుపు వెనక మేకుకు తగిలించింది. పోలియో ఆదివారం చుక్కలు వెయ్యడానికి ఇంటికొచ్చినవాళ్లకు అది చూపించి, మజ్జిగ ఇచ్చి, పక్కింటి పిల్లలందరినీ తానే పిలిచి వరసగా నిలబెట్టి చుక్కలు వేయించేది.

లోహిత్‌కు నిమ్ము అంటే ఏమిటో తెలియదు. చెవులు శుభ్రంగా ఉన్నాయి. చిటికె వేస్తే అటు తిరుగుతాడు. ఒకసారి మూడో ఏట జ్వరమొచ్చి రెండు రోజులు దవాఖానలో ఉన్నాడు, అంతే. నరేష్ నాలుగేళ్లలో పడ్డ పాట్లలో ఒక్కటి కూడా వాడు పడలేదు. దాన్ని చూసినప్పుడల్లా నాగరాణికి ఒకవైపు సంతోషం, ఇంకోవైపు ఏదో చిన్న నొప్పి. ముందే తెలిసుంటే అని. ఉప్పలమ్మకూ అదే నొప్పి, ఇంకొంచెం పాతది. కాని అది ఇప్పుడు ఆమెను నిలబెట్టి నిలదీయడం మానేసింది. మల్లేశం, కొమురెల్లి పేర్లు ఇంట్లో మామూలుగా పలకడం మొదలైంది. "మీ పెద్దమామ ఉంటే నలభైకి దగ్గరపడేవాడు" అని నరేష్‌తో చెప్పేది. భిక్షపతి కూడా ఒకనాడు గొర్రెలకు నీళ్లు పెడుతూ, తనంతట తనే, "కోదాడోళ్లకు ముందే చెప్పి ఉంటే బాగుండు" అన్నాడు. ఉప్పలమ్మ "ఇప్పుడు ఆమెకే చెప్పరాదూ" అంది. ఆయన ఆ వారమే కోదాడ పోయి, కోటమ్మకు చెప్పి వచ్చాడు. పోతూ ఒక పొట్టేలును కూడా తోలుకుపోయాడు.

రెండువేల పద్నాలుగులో సూర్యాపేటలోనే ఒక పిల్లల దవాఖానలో మందు ఎక్కించడానికి ఒప్పుకున్నారు. మిర్యాలగూడ నుంచి వచ్చేవాళ్లకూ, కోదాడ నుంచి వచ్చేవాళ్లకూ అది నడుమ. రెండో శనివారం బడికి సెలవు కాబట్టి ఇద్దరు పిల్లలకూ ఆ రోజే పెట్టుకున్నారు. నాగరాణికీ గోపికకూ పనులుంటే ఇద్దరు అమ్మమ్మలే, అంటే ఒక అమ్మమ్మ, ఒక నానమ్మ, కాపలా. పొద్దున తొమ్మిదికి చుక్క మొదలైతే మధ్యాహ్నం రెండు దాటేది. కోటమ్మ పులిహోర తెచ్చేది, ఉప్పలమ్మ జొన్నరొట్టెలు, పచ్చిమిరపకాయ తొక్కు తెచ్చేది. లోహిత్‌కు కథలు కావాలి. నరేష్‌కు ఎవరూ మాట్లాడకుండా ఉండటం కావాలి, ఎందుకంటే వాడు పదో తరగతి.

సెప్టెంబరు శనివారం నాడు నరేష్ జీవశాస్త్రం పుస్తకం కడుపు మీద పెట్టుకొని చదువుతున్నాడు. మందు ఎక్కుతున్న చెయ్యి కదపకుండా రెండో చేత్తో పేజీలు తిప్పుతున్నాడు. ఉన్నట్టుండి, "అమ్మమ్మా, మన సంగతి ఇండ్ల ఉన్నది" అన్నాడు.

ఉప్పలమ్మ లేచి కుడివైపు పోయి నిలబడింది. "ఏమున్నది?"

"అమ్మ నుంచి ఏమొస్తది, నాన్న నుంచి ఏమొస్తది అని పాఠం. మన జబ్బు పేరు లేదు గాని లెక్క అదే." వాడు నోట్‌బుక్కులో సున్నాలు, డబ్బాలు గీశాడు. డాక్టరు లాజరు పదకొండేళ్ల కింద గీసినట్టే ఉంది. ఈసారి కింద ఇంకో వరస ఉంది. "ఇది సూడు. ఇది నేను. నా చెడ్డ ప్రతి నా కొడుకులకు పోనే పోదు. మొగపిల్లలకు నాన్న దగ్గర్నుంచి వచ్చేది వేరేది. నా కొడుకులు మంచిగ ఉంటరు."

"బిడ్డలు?" అంది ఉప్పలమ్మ.

"బిడ్డలందరూ నీలెక్క, అమ్మలెక్క. వాళ్లకేం కాదు. వాళ్ల కొడుకులకు సూసుకోవాలె, అంతే. పుట్టంగనే పరీక్ష చేపిస్తే అయిపాయె."

కోటమ్మ పులిహోర డబ్బా మూత తీస్తూ, "పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ఆ బొమ్మ పట్టుకుపో. ముందే చూపించు" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు. మరుక్షణం ఉప్పలమ్మకు నవ్వాగలేదు, అది చూసి కోటమ్మ కూడా నవ్వేసింది.

"ముందు పది పాస్ కానియ్యి వదినె" అంది ఉప్పలమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"నానమ్మా, నా పెళ్లెప్పుడు?" అన్నాడు లోహిత్ పక్కమంచం మీద నుంచి.

"ఆ సీసా అయిపోయినాక" అంది కోటమ్మ. వాడు తల పైకెత్తి సీసాలో ఇంకా ఎంత ఉందో చూసుకున్నాడు. సగం ఉంది. సరేనని మళ్లీ పడుకొని, తనకు పులిహోరలో పల్లీలు ఎక్కువ పెట్టమన్నాడు.